కంఠస్థం, గ్రంథస్థం: ఒక ముసలి ల్యాప్‌టాప్ పూర్వచరిత్ర



ప్రొద్దున యంత్రాన్ని ఆన్ చేసి, స్నానం ముగించుకొని, కాఫీ త్రాగి వచ్చి కూర్చున్నా తెర నడుమ ఆ చిన్న వలయం ఇంకా తిరుగుతూనే ఉండేది. 2011లో కొన్న ల్యాప్‌టాప్ అది. 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్. 2022 నాటికి ఒక్క దస్త్రం తెరుచుకోవడానికి ఐదారు నిమిషాలు పట్టే స్థితికి వచ్చింది. మా ఊరి దుకాణంలో చూపిస్తే, అక్కడి కుర్రవాడు అడుగు పలక కూడా విప్పకుండానే, “దీని పని అయిపోయింది సార్, కొత్తది తీసుకోండి, నలభై వేలలో మంచిది వస్తుంది” అని తేల్చివేశాడు.

ఆ మాట నాకు మింగుడు పడలేదు. పింఛనుదారుకు నలభై వేలు చిన్న మొత్తం కాదన్నది ఒక కారణం. అంతకంటె పెద్ద కారణం నా వృత్తి. ముప్పై రెండేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. ‘వీడు మందబుద్ధి’ అని సహోపాధ్యాయులు తీర్మానించిన పిల్లలలో కొందరికి బుద్ధి చక్కగానే ఉండేది. వెనుక వరుస నుంచి నల్లబల్ల మీది అక్షరాలు కనిపించేవి కావు, అంతే. కళ్ళజోడు వచ్చిన మరునాటి నుంచి ఆ పిల్లవాడే వేరు. ఈ యంత్రం విషయంలోనూ అటువంటిదేదో ఉన్నదని నాకు అనుమానం కలిగింది. ఆ అనుమానం తీర్చుకోవడానికి మొదలుపెట్టిన చదువు నన్ను వెనక్కు, వెనక్కు, 1946 దాకా తీసుకొనిపోయింది. అక్కడ తెలిసినదేమిటంటే, నా యంత్రం ఆలోచించడంలో మందగించలేదు. దాని కాలమంతా ఎదురుచూడడంలో గడిచిపోతున్నది.

అన్నట్టు, సంస్కృతంలో అంకమంటే ఒడి. అంకమంటే సంఖ్య కూడా. ఒడిలో కూర్చుని అంకెలు లెక్కించే వస్తువుకు ఇంతకంటె తగిన మాట దొరకదు. అయినా లోకమంతా ల్యాప్‌టాప్ అంటున్నది కనుక నేనూ అదే అంటాను.

1946 జూన్‌లో ఆర్థర్ బర్క్స్, హెర్మన్ గోల్డ్‌స్టయిన్, జాన్ వాన్ నాయ్‌మన్ అనే ముగ్గురు, అప్పటికి ఇంకా కట్టని ఒక గణనయంత్రానికి నిర్మాణ ప్రణాళిక వ్రాశారు. అందులో జ్ఞాపకశక్తిని గురించిన విచారం నన్ను ఆకట్టుకొన్నది. హద్దు లేనంత జ్ఞాపకశాల ఉండాలి, అందులోని ఏ మాట అయినా అడిగిన క్షణాన చేతికందాలి; ఇది వారి కోరిక. అటువంటిది కట్టడం సాధ్యం కాదు గనుక అంచెలంచెలుగా కట్టుకోక తప్పదని వారే ఒప్పుకొన్నారు. పై అంచె చిన్నది, చురుకైనది. క్రింది అంచె పెద్దది, నిదానమైనది. డెబ్భై ఐదేళ్ళ తరువాత నా ఒడిలోని యంత్రం కూడా ఆ రాజీ మీదనే నడుస్తున్నది.

మన చదువులలో ఈ భేదం ఏనాటి నుంచో ఉన్నది. ఒకటి కంఠస్థం, ఇంకొకటి గ్రంథస్థం. కంఠస్థమైనది నోటి చివరనే ఉంటుంది; కాని మనిషితో పోతుంది. గ్రంథస్థమైనది నిలిచి ఉంటుంది. కాని బీరువా తెరిచి, పుట వెదకి, చదువుకోవాలి. ర్యామ్ యంత్రానికి కంఠస్థం. హార్డ్ డిస్క్ గ్రంథస్థం. విద్యుత్తు పోతే మొదటిది తుడిచిపెట్టుకొని పోతుంది, రెండవది ఉంటుంది.

అయితే ఈ రెండింటి నడుమ దూరం ఎంత? ఇది తెలిస్తే తప్ప మిగిలిన కథ అర్థం కాదు. ర్యామ్ నుంచి ఒక మాట తెచ్చుకోవడానికి ప్రాసెసర్‌కు ఇంచుమించు 100 నానోసెకన్లు పడుతుంది. ల్యాప్‌టాప్‌లలో వాడే, నిమిషానికి 5,400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ నుంచి తెచ్చుకోవాలంటే సుమారు 17 మిల్లీసెకన్లు. ఈ అంకెలు ఇలా వ్రాస్తే నాకూ ఏమీ అర్థం కాలేదు. అందుచేత లెక్కల మాస్టారి పద్ధతిలో సాగదీసి చూశాను. ర్యామ్ నుంచి తేవడానికి ఒక సెకను పడుతుందనుకొంటే, హార్డ్ డిస్క్ నుంచి తేవడానికి ఇంచుమించు రెండు పగళ్ళు, రెండు రాత్రులు పడుతుంది. అంటే, నోటికి వచ్చిన పద్యాన్ని అప్పగించడం ఒకటి. ఆ పద్యం కోసం హైదరాబాదులో రైలెక్కి, తంజావూరు సరస్వతీ మహల్‌కు పోయి, తాళపత్రం చూసి, తిరిగి రావడం ఇంకొకటి. ఒక పద్యానికి ఒక ప్రయాణం చొప్పున!

ఇంత దూరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఒక బడిపంతులును తలచుకోవాలి. ఆయన పేరు రేనాల్డ్ జాన్సన్. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధించేవాడు. పరీక్ష పత్రాలు దిద్దే బాధ పడలేక, పెన్సిలు గుర్తులను విద్యుత్తుతో కనిపెట్టి మార్కులు లెక్కించే యంత్రాన్ని తయారుచేశాడు. (పేపర్లు దిద్దిన ప్రతి ఉపాధ్యాయుడూ ఈ మహానుభావుడికి ఒక నమస్కారం పెట్టాలి.) ఐ.బి.ఎం. సంస్థ ఆ యంత్రం హక్కులు కొని, 1934లో ఆయనను ఉద్యోగంలోకి తీసుకొన్నది. 1952లో శాన్ హోసేలో క్రొత్త ప్రయోగశాల తెరవడానికి పంపింది. అక్కడ ఆయన నాయకత్వంలో పుట్టిన 305 రామాక్ అనే యంత్రాన్ని 1956 సెప్టెంబరులో లోకానికి చూపారు. మొదటి హార్డ్ డిస్క్ దానిలోనిదే. ఇరవై నాలుగు అంగుళాల వెడల్పున్న పళ్ళాలు యాభై, ఒకదాని మీద ఒకటి, నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతూ ఉండేవి. ఒక చేయి పైకీ క్రిందికీ కదిలి, కావలసిన పళ్ళెం దగ్గర ఆగి, లోనికి చొరబడి చదివేది. బరువు ఒక టన్నుకు పైన. అంతా కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. ఒక అక్షరం చోటికి చేరడానికి సగటున 600 మిల్లీసెకన్లు.

ఈ చివరి రెండు అంకెలను నా ల్యాప్‌టాప్ పక్కన పెట్టి చూడండి. 50 లక్షల అక్షరాల చోట 32,000 కోట్లు; అంటే 64,000 రెట్లు. 600 మిల్లీసెకన్ల చోట 17 మిల్లీసెకన్లు. అంటే ముప్పై ఐదు రెట్లు. ఐదున్నర దశాబ్దాలలో గ్రంథాలయం అరవై నాలుగు వేల రెట్లు పెరిగింది, గ్రంథాలయాధికారి నడక ముప్పై ఐదు రెట్లు మాత్రమే పెరిగింది. అక్షరాలను దగ్గర దగ్గరగా కుదించి వ్రాయడంలో ఇంజనీర్లు అద్భుతాలు చేశారు. కాని పళ్ళెం తిరగాలి, చేయి కదలాలి. బరువున్న వస్తువు కదలడానికి పట్టే కాలాన్ని ఎంతవరకని తగ్గించగలరు? ప్రాసెసర్లు మాత్రం ఈ లోపల లక్షల రెట్లు పుంజుకొన్నాయి. ఆ తేడా అంతా నా కుర్చీ ముందు తిరిగే వలయంగా మారింది.

ఒక లెక్క. యంత్రం మేలుకొనేటప్పుడు డిస్క్ నలుమూలల నుంచి ఇరవై వేల చిన్న ముక్కలు కావలసి వచ్చాయనుకొందాం. ఒక్కొక్కదానికి 17 మిల్లీసెకన్లు వేసుకొంటే 340 సెకన్లు. ఐదు నిమిషాల నలభై సెకన్లు. అందులో ప్రాసెసర్ చేసేది దాదాపు ఏమీ లేదు. బండి కోసం స్టేషనులో కూర్చున్న ప్రయాణికుడిలా కాలం గడుపుతుంది.

ఇక కంఠస్థం సంగతి. తొలినాటి యంత్రాలలో చాలావాటికి అది ఫెర్రైట్ ఉంగరాల వల. పూసల కంటె చిన్న అయస్కాంతపు ఉంగరాలలోంచి సన్నని తీగలు దూర్చి అల్లేవారు. 1960లో బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థలో సిద్ధమైన టిఫ్రాక్‌కు ఇటువంటి వలలో 2,048 మాటలు పట్టేవి. మన దేశం స్వయంగా కట్టుకొన్న ఆ పెద్ద గణనయంత్రపు కంఠస్థమంతా రెండు వేల మాటలు! తరువాత ఐ.బి.ఎం.లో రాబర్ట్ డెన్నార్డ్ ఒకే ట్రాన్సిస్టరు, ఒకే కెపాసిటరుతో ఒక బిట్‌ను నిలిపే ఉపాయం కనిపెట్టి 1968లో పేటెంటు పొందాడు. 1970లో ఇంటెల్ 1103 అనే డైనమిక్ ర్యామ్ చిప్ విపణిలోకి వచ్చింది. దాని పరిమాణం 1,024 బిట్లు. నేను తరువాత వేయించిన నాలుగు జీబీ ర్యామ్ పలక అటువంటివి 3,35,54,432 చిప్‌లతో సమానం.

డెన్నార్డ్ కెపాసిటరుకు ఒక లోపం ఉన్నది. అది మరచిపోతుంది. అందులోని విద్యుదావేశం కారిపోతూ ఉంటుంది. అందుచేత నేటి ర్యామ్‌లో ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు పదిహేనుసార్లు, ఉన్నదంతా చదివి మళ్ళీ వ్రాయాలి. ఎక్కాలు మరచిపోకుండా రోజూ వల్లె వేయించే బడి అది. విద్యుత్తు పోతే వల్లె ఆగుతుంది, చదువు పోతుంది.

ఖరీదైన కంఠస్థం కొంచెమే ఉండి, చవకైన గ్రంథస్థం చాలా ఉంటే, రెండింటినీ ఒకటేనని భ్రమింపజేయలేమా? ఈ ఆలోచన ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ బృందానికి వచ్చింది. 1962 డిసెంబరులో ప్రారంభమైన అట్లాస్ యంత్రంలో 16 వేల మాటల ఉంగరాల వల, 96 వేల మాటల తిరిగే డ్రమ్ము ఉండేవి. జ్ఞాపకశాలను 512 మాటల పుటలుగా విభజించి, కావలసిన పుటను డ్రమ్ము నుంచి వలలోకి, వద్దన్న పుటను వలలోంచి డ్రమ్ముకు యంత్రమే మార్చుకొనేది. ప్రోగ్రాము వ్రాసేవాడికి అంతా ఒకటే జ్ఞాపకశాలగా కనిపించేది. చక్కని మాయ. ఇప్పటి ల్యాప్‌టాప్‌లన్నీ ఈ మాయనే వాడుతున్నాయి.

మాయకు హద్దు ఉంటుంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. అవధానికి ఎనిమిది అంశాలను ఒకేసారి నిలుపుకొనే ధారణ ఉంటే సభ రక్తి కడుతుంది. మూడింటినే నిలుపుకోగల వ్యక్తిని ఆ పీట మీద కూర్చోబెట్టామనుకోండి. సమస్య ఇచ్చినాయన వైపు తిరిగేసరికి దత్తపది మరచిపోతాడు. దాన్ని కాగితం మీద వ్రాసి ప్రక్క గదిలోని పెట్టెలో పెడతాడు. నిషిద్ధాక్షరి వంతు రాగానే ఆ పెట్టె తెరిచి వెదకాలి, వ్యస్తాక్షరిని లోపల దాచాలి. కాసేపటికి ఆయన పద్యం చెప్పడం మాని పెట్టె దగ్గరే తిరుగుతూ ఉంటాడు. సభలోనివారికి ఆయన ఎంతో శ్రమపడుతున్నట్టే కనిపిస్తుంది. ఒక్క పాదం మాత్రం పూర్తి కాదు. 1968లో పీటర్ డెన్నింగ్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఈ జబ్బుకు నిదానం చెప్పాడు. ప్రతి ప్రోగ్రాముకు, ఆ క్షణాన చేతిలో ఉండి తీరవలసిన కొన్ని పుటలు ఉంటాయి. అవి అన్నీ కలిసి ర్యామ్‌లో పట్టినంతవరకు యంత్రం సుఖంగా నడుస్తుంది. కొంచెం మించితే వేగం కొంచెం తగ్గదు; ఒక్కసారిగా కుప్పకూలుతుంది. దీన్ని ఇంగ్లీషులో థ్రాషింగ్ అన్నారు. మనకు ఇంకా మంచి మాట ఉన్నది: ఊకదంపుడు.

నా 2 జీబీ యంత్రం చేస్తున్నది అదే. బ్రౌజరులో నాలుగు కిటికీలు తెరిస్తే ర్యామ్ నిండిపోయి, పుటలు ఆ రెండు రోజుల ప్రయాణపు డిస్క్‌కు పోయి వస్తూ ఉండేవి. డిస్క్ దీపం ఆరకుండా వెలుగుతూ ఉంటే, పాపం ఎంత పని చేస్తున్నదో అని నేను జాలిపడేవాణ్ణి.

కొన్న నాడు సరిపోయిన 2 జీబీ పదేళ్ళకు ఎందుకు చాలలేదని అడగవచ్చు. చిప్ ఏమీ చిక్కిపోలేదు. దాని మీద మోపే బరువు పెరిగింది. విండోస్ 95కు కనీసం కావలసిన ర్యామ్ 4 ఎంబీ. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి 64 ఎంబీ. 2009లో విండోస్ 7కు 1 జీబీ. 2021లో విండోస్ 11కు 4 జీబీ. ఇరవై ఆరేళ్ళలో వెయ్యి రెట్లు! నేను వ్రాసే వ్యాసాల నిడివి మాత్రం అంతే. పాస్కల్ భాషను సృష్టించిన నిక్లాస్ విర్త్ 1995లోనే ఈ సంగతిని గురించి ఒక వ్యాసం వ్రాసి మొరపెట్టుకొన్నాడు. హార్డ్‌వేర్ వేగం పెరిగేదాని కంటె సాఫ్ట్‌వేర్ బరువు త్వరగా పెరుగుతున్నదని ఆయన బాధ. ఎవరూ విన్నట్టు లేదు.

మధ్యలో చిట్కా వైద్యాలు కొన్ని వచ్చాయి. 2007లో విస్టాతో పాటు రెడీబూస్ట్ అనే సదుపాయం వచ్చిన సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు. పెన్ డ్రైవ్ గుచ్చితే డిస్క్ మీది భారం కొంత తగ్గుతుందన్నది దాని సూత్రం. ర్యామ్ మరీ తక్కువ ఉన్న యంత్రాలకు కొంచెం ఉపకరించేది. యంత్రాన్ని ‘శుభ్రం’ చేస్తామనే ప్రోగ్రాముల గురించి చెప్పకపోవడమే మంచిది.

అసలు మందు జపాన్ నుంచి వచ్చింది. తోషిబా సంస్థలో ఫుజియో మసుఒకా అనే ఇంజనీరు 1984లో ఫ్లాష్ మెమరీని లోకానికి ప్రకటించాడు. చుట్టూ బంధించిన ఒక చిన్న గదిలో ఎలక్ట్రాన్లను ఖైదు చేస్తే, విద్యుత్తు పోయినా అవి అక్కడే ఉంటాయి. ఆ గది 1967 నాటి బెల్ ప్రయోగశాలల ఊహ. గదులన్నింటినీ ఒక్కసారిగా చెరిపి మళ్ళీ వ్రాయడం మసుఒకా ఉపజ్ఞ. ఆ చెరపడం కెమెరా మెరుపును తలపించిందని సహోద్యోగి ఒకరు ఫ్లాష్ అని పేరు పెట్టారట. 1987లో ఇంకా చవకైన, ఇంకా చిక్కనైన నాండ్ రూపం వచ్చింది. తిరిగే పళ్ళెం లేదు, కదిలే చేయి లేదు. తనకు దక్కవలసిన ప్రతిఫలం కోసం మసుఒకా 2004లో తన పాత సంస్థ మీద దావా వేయవలసి వచ్చింది. 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్‌లకు రాజీ కుదిరింది. నేడు ప్రతి ఇంట్లో, ప్రతి జేబులో ఆయన సృష్టి ఉన్నది. ఆయన పేరు తెలిసినవారు ఎందరు?

1991లో సన్‌డిస్క్ అనే చిన్న సంస్థ 20 ఎంబీ ఫ్లాష్ డిస్క్‌ను ఐ.బి.ఎం.కు అమ్మింది. ధర వెయ్యి డాలర్ల వరకు. తరువాత సాన్‌డిస్క్‌గా పేరు మార్చుకొన్న సంస్థ ఇదే. 1988లో దాన్ని స్థాపించిన ముగ్గురిలో ఒకరు కాన్పూరులో పుట్టిన సంజయ్ మెహ్రోత్రా. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. 2008 నాటికి కూడా మాక్‌బుక్ ఎయిర్‌లో 64 జీబీ ఎస్.ఎస్.డి. కావాలంటే అదనంగా 999 డాలర్లు ఇవ్వవలసి ఉండేది. ఆ తరువాతి పదేళ్ళలో ధర కరిగిపోయి సామాన్యుడి అందుబాటులోకి వచ్చింది.

ఎస్.ఎస్.డి. నుంచి ఒక ముక్క తేవడానికి పట్టేది ఒక మిల్లీసెకనులో పదోవంతు లేదా అంతకంటె తక్కువ. మన సాగదీసిన కాలమానంలో పదిహేడు నిమిషాలు. తంజావూరు పోనక్కరలేదు; వీధి చివరి గ్రంథాలయానికి నడచి వెళ్ళి రావచ్చు. ఇందాకటి ఇరవై వేల ముక్కలకు పట్టే నిరీక్షణ రెండు సెకన్లు.

ఇందులో ఇంకొక అదృష్టం ఉన్నది. 1988లో ప్రెయిరీటెక్ అనే సంస్థ రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్‌ను మొదటిసారి చేసింది. అది పట్టేది 20 ఎంబీ. సంస్థ ఎక్కువ కాలం నిలవలేదు గాని ఆ కొలత నిలిచింది. తరువాతి ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఆ కొలతకే అర కట్టుకొన్నాయి. ఎస్.ఎస్.డి.లు చేసినవారు కూడా, తమకు పళ్ళెం అక్కర లేకపోయినా, పాత అరలో పట్టాలని అదే కొలత ఉంచారు. 2003లో వచ్చిన సాటా ముడి కూడా ఉభయులకూ ఒకటే. క్రొత్త ఔషధం పాత సీసాలో పట్టినందువల్లనే నా వంటివాడికి వైద్యం సాధ్యమైంది.

సికిందరాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే కంప్యూటర్లు వాడే జంటనగరాల వారందరికీ తెలుసు. సి.టి.సి. అంటారు. 2022లో ఒకనాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని అక్కడికి వెళ్ళాను. ఒక ఇరుకు దుకాణంలో ఇరవై ఏళ్ళు నిండని కుర్రవాడు అడుగు పలక విప్పి, లోపల రెండు ర్యామ్ అరలున్నాయని, ఒకటి ఖాళీగా ఉన్నదని చూపించాడు. పదకొండేళ్ళుగా ఖాళీగా ఉన్నదట! నా యంత్రానికి డి.డి.ఆర్.3 పలకే కావాలి. దాని అంచున 204 బంగారు పళ్ళు ఉంటాయి. తరువాతి తరం డి.డి.ఆర్.4కు 260, గాడి కూడా వేరేచోట ఉంటుంది, బలవంతం చేసినా దిగదు. నాలుగు జీబీ ర్యామ్ 1,200 రూపాయలు, 240 జీబీ ఎస్.ఎస్.డి. 1,900, పాత డిస్క్‌ను బయట పెట్టుకొని వాడుకొనే డబ్బీ 350, కూలి 300. మొత్తం 3,750. ఫ్యాను దుమ్ము ఊది, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పూతను తుడిచి క్రొత్తది పూశాడు. వేడెక్కితే ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకొంటుంది గనుక ఇదీ అవసరమే.

పాత డిస్క్ నుంచి క్రొత్తదానికి నకలు తీస్తూ ఉండగా ఆ కుర్రవాడి ముఖం మారింది. “సార్, డిస్క్ ఎప్పటినుంచో చెడిపోతోంది. మీరు చూసుకోలేదా?” అన్నాడు. పళ్ళెం మీద కొన్ని చోట్లు పాడైతే డిస్క్ వెంటనే ఓటమి ఒప్పుకోదు. మళ్ళీ మళ్ళీ చదవడానికి ప్రయత్నిస్తుంది. బయటివారికి అది మందకొడితనంగానే కనిపిస్తుంది. పాడైన చోట్ల లెక్క డిస్క్ తనలోనే వ్రాసిపెట్టుకొంటుంది. స్మార్ట్ అనే ఆ పట్టీని చదివి చూపే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. నేను ఒక్కనాడూ చూడలేదు. ముసలితనమనుకొన్నాను. నిజానికి అందులో కొంత జబ్బు.

మూడు దస్త్రాలు రాలేదు. మా గురువుగారు వసుచరిత్ర మీద చెప్పిన పాఠాలను నేను విద్యార్థిగా నోటు పుస్తకాలలో వ్రాసుకొన్నాను. ఆరాశ్వాసాల పాఠమూ ఉద్యోగ విరమణ తరువాత ఓపికగా టైపు చేశాను. నోటు పుస్తకాలు ఒక వానకాలం అటక మీదనే తడిసి ముద్దయ్యాయి. టైపు చేశాను కదా అని అప్పుడు విచారించలేదు. రాని మూడు దస్త్రాలు మూడవ ఆశ్వాసానికి సంబంధించినవి. మీలో ఎవరైనా ఈ వైద్యం చేయించదలిస్తే, స్క్రూ విప్పక ముందే వ్రాసుకొన్నదంతా ఇంకొకచోట దాచుకోండి. నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా విని ఉండేవాణ్ణి కానేమో.

విండోస్ 7కు 2020 జనవరిలోనే మద్దతు ఆగిపోయింది గనుక లినక్స్ వేయించాను. ఏడు నిమిషాలకు మేలుకొనే యంత్రం నలభై సెకన్లలో మేలుకొన్నది. ప్రాసెసర్ అదే. తెర అదే. కళ్ళజోడు వచ్చింది.

ఈ కథ ఇక్కడ ముగిస్తే సుఖంగా ఉండేది. కిందటేడు మా అన్నయ్య మనుమరాలు తన ల్యాప్‌టాప్ తెచ్చి, “తాతయ్యా, మీదానికి చేయించినట్టే దీనికీ చేయించండి” అన్నది. నాలుగేళ్ళ క్రిందటిది, పలుచగా, అందంగా ఉన్నది. సి.టి.సి.లో విప్పి చూస్తే ర్యామ్ అర అనేదే లేదు. చిప్‌లను మదర్‌బోర్డుకే టంకం వేసి అతికించారు. కొన్ననాడు ఎంత ఉన్నదో చివరిదాకా అంతే. 2008లో మాక్‌బుక్ ఎయిర్ ర్యామ్‌ను ఇలా అతికించింది. 2012లో రెటినా తెర మాక్‌బుక్ ప్రో కూడా ఆ దారి పట్టింది. తరువాత పలుచని యంత్రాలు చేసేవారిలో చాలామంది అదే చేశారు. దీనికి కారణాలు లేకపోలేదు. అర తీసివేస్తే మందం తగ్గుతుంది. ప్రాసెసర్‌కు చేరువగా అతికిస్తే తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వేగం వస్తుంది. కాని దానికి మనం చెల్లించిన వెల, ఆ ఖాళీ అర. పిల్లవాడికి కళ్ళజోడు పెట్టే వీలు లేకుండా కట్టిన బడి ఇది.

అందరూ ఊరుకోలేదు. అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అనే సంస్థ 2021 నుంచి, భాగాలన్నీ ఇంట్లోనే విప్పి మార్చుకోగల ల్యాప్‌టాప్‌లు అమ్ముతున్నది. మన కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక సంఘాన్ని నియమించి, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. ఐరోపా సమాజం 2024లో మరమ్మతును ప్రోత్సహించే ఆదేశం చేసింది. ఇంకొకవైపు, 2025 అక్టోబరు 14న విండోస్ 10కు ఉచిత మద్దతు సాధారణంగా ముగిసింది. చక్కగా నడుస్తున్న ఎన్నో యంత్రాలు విండోస్ 11 అడిగే భద్రతా చిప్‌, ప్రాసెసర్ నియమాలకు సరిపోక మిగిలిపోయాయి. వాటికి లినక్స్ ఒక దారి.

చవక అన్న మాట కూడా ఇప్పుడు జాగ్రత్తగా వాడాలి. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద డేటా కేంద్రాలు మెమరీని మింగివేస్తూ ఉండడంతో 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు చాలా పెరిగాయి. క్రూషియల్ అనే పేరుతో సామాన్యులకు ర్యామ్, ఎస్.ఎస్.డి.లు అమ్ముతూ వచ్చిన మైక్రాన్ సంస్థ, ఆ చిల్లర వ్యాపారం నుంచి తప్పుకొంటామని ఆ డిసెంబరులో ప్రకటించింది. 2017లో ఆ సంస్థ అధిపతి అయినవారు సంజయ్ మెహ్రోత్రాయే. సన్‌డిస్క్ స్థాపించిన ముగ్గురిలో ఒకరని ఇందాక చెప్పుకొన్న వ్యక్తి. నేను 3,750 రూపాయలతో చేయించిన పని రేపు ఎంతకు అవుతుందో!

పాత హార్డ్ డిస్క్ డబ్బీలో పెట్టి బీరువాలో ఉంచాను. అప్పుడప్పుడు తీసి గుచ్చి, ఆ మూడు దస్త్రాలు ఈసారైనా తెరుచుకొంటాయేమోనని చూస్తాను. లోపల చేయి కదిలే చప్పుడు వినిపిస్తుంది, టక్, టక్, కొంతసేపటికి ఆగిపోతుంది. గురువుగారి మాటలు జ్ఞాపకం ఉన్నంతవరకు మళ్ళీ టైపు చేస్తున్నాను. ఇప్పటికి పదకొండు పుటలు వచ్చాయి.